ముందు తీసుకున్న డబ్బు, ముందు ఇచ్చిన మాట

(మన సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మేము మాట్లాడవలసిన విషయాన్ని మీరే ఇచ్చారు. "మన చేతిపనికి పనికొచ్చే కొత్త పనిముట్టు ఒకటి మనలో ఎవరైనా కనిపెడితే, దాన్ని బయట ప్రపంచానికి ఎలా అమ్మాలి? ఆన్‌లైన్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి వ్యాపారం మొదలుపెడుతున్నారట కదా, అది మనవల్ల అవుతుందా?" అని చాలామంది అడిగారు. అవుతుందని మేమూ నమ్ముతున్నాం. అయితే అది ఎలా నడుస్తుందో, ఎక్కడ కూలిపోతుందో తెలుసుకుని దిగాలి. అందుకే ఈ రోజు ఉత్సాహపరిచే మాటలు తగ్గించి, లెక్కలు ఎక్కువ చెబుతాం. విసుక్కోకండి.

ముందు క్రౌడ్‌ఫండింగ్ అంటే ఏమిటో చూద్దాం. ఒక వస్తువు నమూనా తయారుచేసి, దాన్ని వీడియోలో చూపిస్తారు. "ఇలాంటివి ఎక్కువ సంఖ్యలో చేయడానికి ఇంత డబ్బు కావాలి. ఇప్పుడు డబ్బు కట్టినవారికి కొన్ని నెలల తర్వాత వస్తువు పంపుతాం" అని చెబుతారు. నచ్చినవాళ్ళు వస్తువు ఇంకా తయారుకాకముందే డబ్బు కడతారు. దీనికోసం పెట్టిన వేదికల్లో ఇండీగోగో 2008లో, కిక్‌స్టార్టర్ 2009లో మొదలయ్యాయి. కిక్‌స్టార్టర్‌లో అడిగిన మొత్తం గడువులోపు చేరితేనే డబ్బు చేతికొస్తుంది. చేరకపోతే కట్టినవాళ్ళ దగ్గర నుంచి ఒక్క పైసా తీసుకోరు. చేరితే ఆ వేదిక 5 శాతం తీసుకుంటుంది. చెల్లింపుల ఖర్చు దానికి అదనం.

ఇది మనకు పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. పంట చేతికి రాకముందే అడ్వాన్సు తీసుకోవడం మన ఏజెన్సీ ఊళ్ళకు తరతరాలుగా తెలుసు. సంతలో షావుకారు ముందుగా అప్పిచ్చేవాడు. తర్వాత చింతపండు, పిప్పళ్ళు, తేనె అతను చెప్పిన ధరకే ఇచ్చుకోవాల్సి వచ్చేది. ఆ పట్టు నుంచి మనల్ని విడిపించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, పెట్టారు. క్రౌడ్‌ఫండింగ్‌లో కూడా అడ్వాన్సే వస్తుంది, కానీ ధర మనం చెబుతాం, డబ్బు వాడుకునేవాడి దగ్గర నుంచి నేరుగా వస్తుంది. అంతవరకూ మంచిదే. అడ్వాన్సు మాత్రం అడ్వాన్సే. తీసుకున్న రోజు నుంచి మనం బాకీపడినట్టే. ఈ రోజు మేము చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

ఇప్పుడు ఒక నిజమైన ఉదాహరణ చెబుతాం. తేనె పనికి సంబంధించినది కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఆస్ట్రేలియాలో స్టువర్ట్ ఆండర్సన్, సీడర్ ఆండర్సన్ అని తండ్రీకొడుకులు ఉన్నారు. తేనెటీగలు పెంచేవాళ్ళు. పెట్టెల్లో ఈగల్ని పెంచేవాళ్ళకు తేనె తీయడం పెద్ద పని. పెట్టె తెరవాలి, పొగ పెట్టాలి, పట్లు బయటికి తీయాలి, వాటి మీది మైనపు మూత కోయాలి, యంత్రంలో వేసి తిప్పాలి. ఈ గొడవలో కొన్ని ఈగలు నలిగి చస్తాయి. మనిషికీ కుట్లు తప్పవు. దీనికి విరుగుడుగా వాళ్ళు పట్టునే మార్చారు. సగం కట్టిన ప్లాస్టిక్ గదులున్న చట్రం పెట్టెలో పెడతారు. మిగతా గది ఈగలే మైనంతో పూర్తిచేసుకుని తేనె నింపుతాయి. బయట నుంచి ఒక తాళంచెవి లాంటి కడ్డీ పెట్టి తిప్పితే, గదుల గోడలు కొంచెం జరిగి మధ్యలో సందు ఏర్పడుతుంది. తేనె ఆ సందులోంచి కిందికి జారి, గొట్టం ద్వారా సీసాలో పడుతుంది. మళ్ళీ తిప్పితే గదులు మొదటిలాగా అవుతాయి. దీనికి వాళ్ళు ఫ్లో హైవ్ అని పేరు పెట్టారు.

2015 ఫిబ్రవరిలో ఇండీగోగోలో పెట్టి 70 వేల డాలర్లు అడిగారు. అప్పటి లెక్కన సుమారు 43 లక్షల రూపాయలు. ఆ మొత్తం పది నిమిషాలలోపే వచ్చేసింది. మొదటి రోజే 20 లక్షల డాలర్లు దాటింది. ఎనిమిది వారాల్లో కోటి 22 లక్షల డాలర్లు, అంటే మన డబ్బులో దాదాపు 75 కోట్లు పోగైంది. వందకు పైగా దేశాల నుంచి 30 వేలకు పైగా జనం డబ్బు కట్టారు.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వింటే వీడియో పెట్టగానే వర్షం కురిసినట్టు ఉంటుంది. దాని వెనుక మూడు సంగతులున్నాయి.

మొదటిది కాలం. ఆ పది నిమిషాల వెనుక సుమారు పదేళ్ళ పని ఉంది. నమూనా మీద నమూనా చేసి, ఈగల మీద పరీక్షించి, పనిచేస్తుందని తేలిన తర్వాతే డబ్బు అడిగారు.

రెండవది జనం. డబ్బు అడగడానికి ముందే చిన్న వీడియో ఒకటి బయటపెట్టారు. అది లక్షలమంది చూశారు. పట్లు కోసి, యంత్రం తిప్పి, కుట్లు తిన్న ప్రతి ఒక్కరికీ ఆ వీడియోలో తమ కష్టం కనిపించింది. లోకంలో తేనెటీగలు పెంచేవాళ్ళు ఏ ఊళ్ళో చూసినా కొద్దిమందే. కానీ అన్ని దేశాల్లోని కొద్దికొద్దిమంది ఆన్‌లైన్‌లో ఒకచోట చేరితే పెద్ద సంతే అవుతుంది. ఒక ఊళ్ళో పదిమందికే పనికొచ్చే వస్తువుకు కూడా అక్కడ కొనేవాళ్ళు దొరుకుతారు. చిన్న చేతిపనులకు ఆన్‌లైన్ వల్ల వచ్చిన అసలు లాభం ఇది.

మూడవది రక్షణ. వాళ్ళు ముందే పేటెంటు దారిలో ఉన్నారు. అయినా కొద్దికాలానికే అచ్చం అలాంటివే నకళ్ళు బయటికి వచ్చాయి. ఏ రక్షణా లేకుండా వీడియో పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పెట్టె వచ్చినప్పుడు అనుభవమున్న తేనె పనివాళ్ళు కొందరు అభ్యంతరం చెప్పారు. "కుళాయి తిప్పినట్టు చూపిస్తే, ఈగల్ని చూసుకునే పని లేదనుకుని జనం కొంటారు. రోగం వస్తే, ఆహారం తగ్గితే ఎవరు చూస్తారు?" అన్నారు. ఈ మాట మనం గుర్తుపెట్టుకోవాలి. వీడియోలో సులువు మాత్రమే చూపి, వెనుక ఉన్న పనితనాన్ని దాచకూడదు.

మరి ఆ పెట్టె మన కొండల్లో పనికొస్తుందా? అది ఐరోపా జాతి ఈగ కోసం చేసింది. మన చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే ఈగ చిన్నది, దాని పట్టులో గదులూ చిన్నవే, పెట్టే తేనె కూడా తక్కువ. ఇక కొండ చరియలకు, పెద్ద చెట్లకు పెద్ద పట్టు పెట్టే ఈగ పెట్టెలో అసలు ఉండదు. నల్లమల చెంచులు తాళ్ళు కట్టుకుని కొండ అంచున దిగి తీసే తేనె దానిదే. కాబట్టి ఆస్ట్రేలియాలో కనిపెట్టినది మన కష్టం తీర్చదు. మన కష్టం మనకే తెలుసు, దానికి పనిముట్టు కూడా మనలోంచే రావాలి.

అలా వచ్చినదానికి మన తెలుగునేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతంలో పోచంపల్లి చీరలు నేసే ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడడం చూశారు. చీర నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ వేల సార్లు చేతితో తిప్పాలి. ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆయన ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. అప్పుడు ఆన్‌లైన్ జనం లేరు. ఆ యంత్రాన్ని కొన్నది పక్క ఇళ్ళ నేతపనివాళ్ళు. వాళ్ళ మగ్గం దగ్గర పనిచేసింది కాబట్టే ఊరూరా పాకింది. ఆన్‌లైన్‌కి వెళ్ళాలన్నా ఇదే మొదటి మెట్టు. మన పనిముట్టు ముందు మన ఊళ్ళో పదిమంది చేతుల్లో ఆరు నెలలు నలగాలి. వాళ్ళు వద్దన్నదాన్ని దూరాన ఉన్నవాళ్ళకు అమ్మకూడదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఊరికే అనుకుందాం: మనలో ఒక తమ్ముడు వెదురు బద్దల్ని ఒకే మందంలో చీల్చే చేతి పనిముట్టు చేశాడు. బుట్టలు అల్లేవాళ్ళు దేశమంతా ఉన్నారు, పట్నాల్లో సరదాకు నేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరికీ అది కావాలి. ఇనుము, బ్లేడు, కర్ర కలిపి 400 రూపాయలు. చేసినవాళ్ళ కూలి 250. అట్టపెట్టె 50. కొరియర్ 150. మొత్తం 850. "వెయ్యికి అమ్మితే 150 మిగులుతుంది" అని తమ్ముడు సంతోషపడతాడు.

ఆగి చూద్దాం. వేదిక కమీషను, చెల్లింపు ఖర్చు కలిపి 8 శాతం అనుకుంటే 80 పోయింది. వందలో పది దారిలో విరిగాయనో, సరిగ్గా తెగలేదనో తిరిగి వస్తే, వాటి బదులు కొత్తవి పంపాలి. పదింటికి 8,500 అంటే ఒక్కోదాని మీద 85 భారం. 850కి 80, 85 కలిపితే 1,015. వెయ్యికి అమ్మితే ఒక్కోదానికి 15 రూపాయల నష్టం. ఇరవై అమ్మితే 300 నష్టం, ఇంట్లోంచి పెట్టుకోవచ్చు. అదే వీడియో బాగా తిరిగి రెండు వేల ఆర్డర్లు వస్తే 30 వేలు నష్టం. అంటే ధర తప్పితే ఎక్కువ అమ్మినకొద్దీ ఎక్కువ మునుగుతాం. ఇంతలో ఇనుము ధర పెరిగిందంటే చెప్పనక్కరలేదు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న కథ కాదు. అమెరికాలో 2014లో కూలెస్ట్ కూలర్ అనే చల్లపెట్టెకు కిక్‌స్టార్టర్‌లో 50 వేల డాలర్లు అడిగితే కోటి 32 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 62 వేలమందికి పైగా డబ్బు కట్టారు. పెట్టిన ధర తయారీ ఖర్చుకు చాలలేదు. చివరికి 2019లో కంపెనీ మూతపడింది. డబ్బు కట్టినవారిలో సుమారు 20 వేలమందికి వస్తువు అందలేదు. కోట్లు వచ్చినా మునిగారు.

అమెరికాలో వార్టన్ స్కూల్ ఆచార్యుడు ఈథన్ మాలిక్ కిక్‌స్టార్టర్‌లో డబ్బు కట్టిన 47 వేలమందిని అడిగి 2015లో నివేదిక ఇచ్చారు. డబ్బు పోగైన ప్రాజెక్టుల్లో సుమారు 9 శాతం ఇస్తామన్న వస్తువు ఇవ్వలేకపోయాయని అందులో తేలింది. అంతకుముందు 2014లో అచ్చయిన ఆయన పరిశోధనలో, వస్తువు ఇచ్చినవాటిలో కూడా నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పిన తేదీకి ఇవ్వలేదని తేలింది. కాబట్టి ఆలస్యం చాలామందికి అవుతుంది. అది దాచకుండా, నెలనెలా పని ఎక్కడిదాకా వచ్చిందో ఫోటోతో చెప్పేవాళ్ళ మీద జనం ఓపిక పడతారు. ఫోను ఎత్తనివాడి మీదే కోపం వస్తుంది.

మాట తప్పితే నష్టం మనకు ఇంకో రకంగా కూడా ఉంటుంది. పట్నంలో ఒక కంపెనీ మాట తప్పితే ఆ కంపెనీకే చెడ్డపేరు. మనలో ఒకరు "గిరిజన యువత తయారుచేసిన వస్తువు" అని పెట్టి మాట తప్పితే, ఆ పేరు అన్ని ఊళ్ళకూ అంటుతుంది. తర్వాత వచ్చే చెల్లెలు నిజాయితీగా అమ్ముతానన్నా నమ్మరు. మన జాతి పేరు పెట్టి డబ్బు తీసుకునేటప్పుడు, ఆ పేరు మన ఒక్కరిదే కాదని గుర్తుంచుకోవాలి.

అదే విధంగా, కనిపెట్టినదానిలో మన ఒక్కరిది ఎంత, పెద్దలది ఎంత అన్నది కూడా చూడాలి. వెదురును ఏ కాలంలో కొట్టాలో, ఏ వయసు వెదురు బద్దకు ఆగుతుందో మన తాతలు చెప్పింది. దానికి పెట్టిన కొత్త బ్లేడు అమరిక మాత్రం తమ్ముడిది. చట్టం కూడా ఇలాగే చూస్తుంది. మన దేశ పేటెంట్ల చట్టం ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వరు. నిజంగా కొత్తగా కనిపెట్టిన భాగానికి ఇస్తారు, దానికి 20 ఏళ్ళ రక్షణ ఉంటుంది. అయితే ఒక షరతు ఉంది. దరఖాస్తు పెట్టకముందే అందరికీ చూపించేస్తే అది కొత్తది కాకుండా పోతుంది. అందుకని ముందు దరఖాస్తు, తర్వాతే వీడియో. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే తాత్కాలిక దరఖాస్తు పెట్టి, 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు ఇవ్వవచ్చు. వ్యక్తిగా పెట్టుకుంటే ఫీజు కంపెనీలకన్నా తక్కువ.

ఇక అందరిదీ అయినదాన్ని కాపాడుకోవడానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో వచ్చింది అదే. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ ప్రాంతంలో పండించేవాళ్ళందరిదీ. మన అమ్మమ్మల కుట్టుపనినీ, గోడల మీది ముగ్గునూ ఒకరు తన డిజైనుగా ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం న్యాయం కాదు. ముందు ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి అడగాలి. ఒప్పుకుంటే ఊరికి ఎంత వాటా అన్నది కాగితం మీద రాసుకోవాలి.

అడవి సంగతి కూడా ఇందులోనే ఉంది. వస్తువు వెదురుతోనో, ఆకుతోనో, మైనంతోనో చేసేదైతే, ఎన్ని ఆర్డర్లు తీసుకుంటామో ముందే హద్దు పెట్టుకోవాలి. "ఈసారి 200 మాత్రమే" అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. జనం డబ్బు ఎంతైనా రావచ్చు, అడవిలో వెదురు మాత్రం తన లెక్కనే పెరుగుతుంది.

ఇప్పుడు, మనం ఎక్కడ మొదలుపెట్టాలి? కిక్‌స్టార్టర్‌లో మన దేశం నుంచి నేరుగా ప్రాజెక్టు పెట్టే వీలు లేదు. విదేశాల నుంచి విరాళంగా డబ్బు తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలి. లాభంలో వాటా ఇస్తామని ఆన్‌లైన్‌లో జనం దగ్గర డబ్బు తీసుకోవడం చట్టం ఒప్పదు, ఆ జోలికి పోకండి. అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. ముందుగా ఆర్డరు తీసుకుని, వస్తువు చేసి పంపడానికి ఇన్‌స్టాగ్రామ్ పేజీ, వాట్సాప్ గ్రూపు, యూపీఐ చాలు. పద్ధతి మాత్రం కిక్‌స్టార్టర్‌దే పెట్టుకుందాం. "50 ఆర్డర్లు వస్తేనే చేస్తాం, రాకపోతే మీ డబ్బు ఫలానా తేదీకి తిరిగి ఇస్తాం" అని రాద్దాం. ఆ డబ్బు సొంత ఖాతాలో కాకుండా, స్వయం సహాయక సంఘం పేరునో, వన్ ధన్ కేంద్రం పేరునో ఇద్దరి సంతకంతో నడిచే ఖాతాలో ఉంచుదాం. పెళ్ళి ఖర్చొచ్చినా, పండుగ వచ్చినా ఆ ఖాతా ముట్టుకోకూడదు. ఆ డబ్బు మనది అయ్యేది వస్తువు కొన్నవాడి గుమ్మం చేరిన రోజే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ చేతిలో ఇప్పటికే ఒక నమూనా ఉంటే, దాన్ని ఫోనులో పెట్టేముందు సంఘానికి తీసుకురండి. మేము నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఊళ్ళో పదిమంది ఎన్నాళ్ళు వాడారు? ఒకటి చేసి పంపడానికి కొరియరుతో, విరిగినవాటితో సహా ఎంత పడుతుంది? ఇందులో నీది ఏది, ఊరిది ఏది? అనుకున్న తేదీకి ఇవ్వలేకపోతే ఏం చేస్తావు? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు రాసి తెచ్చినవాళ్ళ మొదటి వీడియో మేమే దగ్గరుండి తీయిస్తాం. మొదటి పది ఆర్డర్లు కూడా మా కార్యవర్గ సభ్యులమే డబ్బు కట్టి తీసుకుంటాం. వస్తువు చెప్పిన తేదీకి రాకపోతే మిమ్మల్ని అడగడానికి మీ గుమ్మం దాకా వచ్చేవాళ్ళమూ మేమే.

 జై ఆదివాసీ.